ఒక్క గిటారుతో పాడితే నిజమైపోతుందా?

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత జేసన్ ఇజ్బెల్ ఆల్బమ్ 'ఫాక్సెస్ ఇన్ ద స్నో' 2025 మార్చి 7న వచ్చింది. పదకొండు పాటలు, ఒక గొంతు, ఒక గిటారు, అంతే. డ్రమ్స్ లేవు, బేస్ లేదు, ఏళ్ళ తరబడి అతని వెనక నిలబడిన 'ది 400 యూనిట్' బ్యాండూ లేదు. విన్నవాళ్ళు దీన్ని మెచ్చుకున్న తీరు దాదాపు ఒక్కటే: ఏమీ దాచుకోలేదు, మనసు విప్పి ముందు పెట్టాడు, ఇంతకంటే నిజాయితీ ఏముంటుంది అని. అంతకు ఏడాది ముందు, 2024 ఫిబ్రవరిలో, అతనూ అతని భార్య, గాయని అమాండా షైర్స్ విడిపోతున్నారన్న వార్త బయటికొచ్చింది. దాంతో ఆ మాటకి ఇంకాస్త బలం చేకూరింది.

ఆల్బమ్ నాకూ బాగా నచ్చింది. నా పేచీ ఆ మెచ్చుకోలుతో. వాయిద్యాలు తగ్గేకొద్దీ నిజం పెరుగుతుందన్న నమ్మకం ఫోక్, కంట్రీ అభిమానుల్లో బాగా పాతుకుపోయింది. ఆ నమ్మకాన్ని ఈ ఆల్బమే ఒప్పుకోదు. ఇందులో అన్నిటికంటే గొప్ప పాట 'గ్రావెల్‌వీడ్' సరిగ్గా దానికి ఎదురు తిరుగుతుంది. నా వాదన అదీ.

ఇజ్బెల్ పేరు కొత్తగా వింటున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. 1979లో పుట్టాడు, అలబామా రాష్ట్రం ఉత్తర కొసన గ్రీన్ హిల్ అనే చిన్న ఊరు. దగ్గర్లోనే మజిల్ షోల్స్. ఊరు చిన్నదే గానీ అక్కడి స్టూడియోల్లో అరీతా ఫ్రాంక్లిన్ మొదలు ఎంతోమంది మహామహులు పాడారు. 2001లో 'డ్రైవ్-బై ట్రక్కర్స్' బ్యాండ్‌లో చేరాడు, తాగుడు ముదిరింది, 2007లో బయటికొచ్చాడు. 2012లో షైర్స్, మరికొందరు మిత్రులు పట్టుబట్టి రీహాబ్‌లో, అంటే తాగుడు మాన్పించే కేంద్రంలో, చేర్పించారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆమెతో పెళ్ళి, జూన్‌లో 'సౌత్ఈస్టర్న్' ఆల్బమ్. అతన్ని పెద్ద రచయితల వరసలో కూర్చోబెట్టింది ఆ ఆల్బమే. అందులో మొదటి పాట 'కవర్ మీ అప్'. షైర్స్ కోసం రాసింది. తాగుడు మానేస్తున్నాను, ఈసారి ఇక శాశ్వతంగా, అని ఆ పాటలో ఒక చరణం ఉంది. కచేరీలో ఆ మాట రాగానే జనం కేకలు వేస్తారు. నాష్‌విల్‌లోని రైమన్ ఆడిటోరియంలో పాడినా, ఇంకెక్కడ పాడినా అంతే. ఆ కేకలు పాటకి కాదు, ఆ మనిషి నిజంగా తాగుడు మానేసినందుకు.

ఇప్పుడు అదే ఆల్బమ్‌లో ఇంకో రెండు పాటలు చూడండి. 'లైవ్ ఓక్'లో పాడేవాడు మనుషుల్ని చంపిన పాతకాలపు బందిపోటు. 'ఇవెట్'లో పాడేవాడు బడిపిల్లాడు. తన తరగతి అమ్మాయిని ఆమె తండ్రి పెడుతున్న హింస చూడలేక, తుపాకీ శుభ్రం చేసుకుంటూ కూర్చున్నాడు. ఈ రెండు పాటల్లోనూ 'నేను' అనే పాడాడు. వాటిలోనూ గిటారు అంతే పొదుపు, గొంతు అంతే దగ్గర. మరి ఇజ్బెల్ హంతకుడని ఎవరమూ అనుకోలేదేం? ఎందుకంటే అతను హంతకుడు కాడని మనకి బయటినుంచి తెలుసు, షైర్స్‌ని పెళ్ళి చేసుకున్నాడనీ బయటినుంచే తెలుసు. నిజమా కాదా అన్న తీర్పు పాటలోంచి రాలేదు, వార్తల్లోంచి వచ్చింది. గిటారుకి దానితో సంబంధమే లేదు.

కొత్త ఆల్బమ్‌లో గిటారు సంగతికొద్దాం. అది 1940 నాటి మార్టిన్ 0-17. మహాగనీ చెక్కతో చేసిన చిన్న గిటారు. రోజ్‌వుడ్ గిటార్లలాగా స్వరం మీటాక చాలాసేపు రింగుమంటూ ఉండదు. వస్తుంది, పొడిగా ఆగుతుంది. అందువల్ల మాటకీ మాటకీ మధ్య ఖాళీ మిగులుతుంది. ఊపిరి పీల్చడం వినిపిస్తుంది, తీగ మీద వేలు జారడం వినిపిస్తుంది. మన పక్కనే కూర్చుని పాడుతున్నాడన్న భ్రమ కలిగేది అందుకే. రికార్డు చేసింది ఎక్కడ? న్యూయార్క్‌లో ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో. జిమీ హెండ్రిక్స్ కట్టించుకున్న స్టూడియో అది, 1970లో తెరిచారు. పక్కన జీనా జాన్సన్ లాంటి అనుభవమున్న ప్రొడ్యూసర్, అయిదు రోజుల పని. అంటే రాత్రి నిద్రపట్టక వంటింట్లో కూర్చుని ఫోన్లో పాడుకున్న పాటలు కావివి. ఏ గిటారు వాడాలో, ఏ ఖాళీ ఎంత ఉంచాలో తెలిసిన మనుషులు కూర్చుని తయారుచేసిన సాదాతనం. దాన్ని తప్పు పట్టడం లేదు. పైపెచ్చు ఆ పనితనానికే నా మొదటి దండం. మొదటి పాట 'బరీ మీ' గిటారు కూడా లేకుండా ఉత్త గొంతుతో మొదలవుతుంది. అంతకంటే తెలివైన ఎత్తుగడ ఉండదు. కానీ ఎత్తుగడే.

ఈ దారి అతను కనిపెట్టిందేమీ కాదు. రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో వచ్చిన 'నెబ్రాస్కా' ఆల్బమ్‌ని ఇంట్లో కూర్చుని నాలుగు ట్రాకుల క్యాసెట్ మెషీన్ మీద రికార్డు చేశాడు. దానికంటే సాదాగా చేయడం కష్టం. అందులో మొదటి పాట పాడేది 1950లలో పదిమందికి పైగా చంపి ఉరికంబం బదులు ఎలక్ట్రిక్ కుర్చీ ఎక్కిన స్టార్క్‌వెదర్ గొంతుతో. సాదా గిటారు ఆత్మకథకి హామీ కాదని చెప్పడానికి ఆ ఒక్క ఆల్బమ్ చాలు.

ఇంకోవైపు నుంచీ చూడొచ్చు. రిచర్డ్ థాంప్సన్, లిండా థాంప్సన్ ఇంగ్లండ్‌కి చెందిన ఫోక్ జంట. 1982లో వాళ్ళ 'షూట్ అవుట్ ద లైట్స్' వచ్చేసరికి ఇద్దరూ విడిపోయారు. అందుకే ఆ ఆల్బమ్‌ని కూలిపోతున్న సంసారానికి రన్నింగ్ కామెంటరీలాగా ఇవాళ్టికీ వింటారు. కానీ ఆ పాటల్లో ఎక్కువభాగం అంతకు రెండేళ్ళ ముందే రాసి, ఒకసారి రికార్డు కూడా చేసి, విడుదల కాక పక్కన పడేసినవి. అప్పటికి కాపురం కాపురంగానే ఉంది. పాట ముందు, విడిపోవడం తర్వాత. విన్నవాళ్ళం మాత్రం వరస తిప్పేశాం.

నిజానికి ఈ పట్టింపు తెలుగువాళ్ళకి అంత సహజమైనది కాదు. మనం పెరిగింది సినిమా పాటతో. రాసేవారొకరు, బాణీ కట్టేవారొకరు, పాడేవారొకరు, తెర మీద పెదాలు కదిపేవారు ఇంకొకరు. ఆ పాటలో 'నేను' ఎవరని ఎవరమూ లెక్కలు తీయం. ఇంకా వెనక్కి వెళ్తే, 17వ శతాబ్దంలో క్షేత్రయ్య పదాల్లో ఎక్కువగా ఆడదాని నిష్ఠూరాలు, అలకలు, ఎత్తిపొడుపులు. రాసింది మగవాడు. ఇది నీకు జరిగిందా స్వామీ అని అడగాలని ఎవరికీ తోచలేదు. అలాంటి అలవాటుతో వచ్చిన నేను కూడా, ఇంగ్లీషు పాటలు రాసుకుని పాడుకునే వాళ్ళని వినడం మొదలెట్టాక, ఎవరి గురించి రాశాడో వెతుక్కోవడం నేర్చుకున్నాను. పాట విన్న గంటలోపు వికీపీడియాలో ఉంటాను. మంచి అలవాటేం కాదు.

మా పిన్ని కొడుకొకడు టెన్నెసీలో ఉంటాడు. నాకు ఇజ్బెల్‌ని పరిచయం చేసింది వాడే. వాడికీ, వాడి భార్యకీ 'ఇఫ్ వీ వర్ వాంపైర్స్' అంటే ప్రాణం. 2017లో వచ్చిన పాట అది, గ్రామీ కూడా వచ్చింది. ఇద్దరిలో ఎవరో ఒకరు ముందు పోతారు, కలిసి నలభై ఏళ్ళు దొరికితే అదృష్టం, చావు అనేది లేకపోతే ఈ ప్రేమకి ఇంత విలువే లేదు అని సారాంశం. వెనక షైర్స్ గొంతు కలుపుతుంది. విడాకుల వార్త రాగానే వీడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఇంక ఆ పాట వినబుద్ధి కావట్లేదు. నలభై ఏళ్ళన్నాడు, పదకొండేళ్ళు కూడా కాలేదు. మరి అదంతా అబద్ధమేగా?" అన్నాడు. వాడి కోపంలో అర్థం ఉంది. ఆ పాట విడిపోవడాన్ని చావు రూపంలోనే ఊహించింది. బతికుండగానే, లాయర్ల చేతుల మీదుగా విడిపోవచ్చన్న ఊహ అందులో ఎక్కడా లేదు. పైగా వీళ్ళ కాపురాన్ని మనం పాటల్లోనే కాదు, 2023లో వచ్చిన డాక్యుమెంటరీలో గొడవలతో సహా చూశాం. టికెట్ కొన్నవాడికి మోసపోయానన్న భావన రావడం వింతేం కాదు.

అయినా అబద్ధం అన్న మాట నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. పాట వాగ్దాన పత్రం కాదు, రాసిన రోజున అది నిజమైతే చాలు అని వాడికి చెప్పాను. వాడు వినలేదు. నా జవాబు బలహీనంగా ఉందని నాకే అనిపించింది, ఎందుకంటే అది గాయకుడి వైపు నుంచి చెప్పిన జవాబు. వినేవాడికి ఆ పాట రాసిన రోజుతో పనేముంది? వాడు వినేది ఇవాళ.

'గ్రావెల్‌వీడ్' ఆ చిక్కుముడిని పట్టుకున్న పాట. ఆల్బమ్‌లో నాలుగోది. కంకరలో మొలిచిన కలుపుమొక్కలాంటి వాణ్ణి నేను, నన్ను పెంచడానికి నువ్వు కావాల్సొచ్చింది, పెరిగిపోయానని నాకనిపించిన రోజు వచ్చినందుకు క్షమించు అంటాడు. అక్కడితో ఆగితే మామూలు విడాకుల పాటే అయ్యేది. ఆ వెంటనే, నా బాణీలే నాకు ద్రోహం చేసే రోజు చూశాను, ఆ ప్రేమ పాటలన్నిటికీ ఇవాళ వేరే అర్థం వచ్చినందుకు క్షమించమంటాడు. క్షమాపణ ఎవరికి? ఆమెకే కావచ్చు. కానీ రైమన్‌లో కేకలు వేసినవాళ్ళకీ, మా తమ్ముడికీ కూడా చెందుతుంది. పాటలు అబద్ధమని అనలేదు, నిజమనీ దబాయించలేదు. అర్థం మారింది, మార్చింది నేనే, ఇప్పుడు అది నా చేతిలో లేదు అన్నాడు. తన పాత పాటల మీద తనకి అధికారం పోయిందని ఇంత సూటిగా ఒప్పుకున్న రచయిత నాకు వేరే తట్టడం లేదు.

అధికారం పోవడం అతనికి కొత్త కూడా కాదు. 'కవర్ మీ అప్'ని కంట్రీ గాయకుడు మోర్గన్ వాలెన్ పాడి తన 2021 ఆల్బమ్‌లో పెట్టుకున్నాడు. ఇజ్బెల్ పేరే వినని లక్షలమందికి అది వాలెన్ పాట. ఆల్బమ్ వచ్చి నెల తిరక్కముందే వాలెన్ నల్లవాళ్ళని దూషించే మాట అన్న వీడియో బయటపడింది. ఆ ఆల్బమ్ వల్ల తనకొచ్చే రాయల్టీని ఇజ్బెల్ నాష్‌విల్‌లోని ఎన్ఏఏసీపీ శాఖకి ఇచ్చేస్తానన్నాడు. భార్య కోసం రాసుకున్న పాట, ఇంకొకడి గొంతులో హిట్టయి, ఆ డబ్బు పౌరహక్కుల సంఘానికి చేరే దాకా వెళ్ళింది. ఆ పాట అర్థం ఇంకా రచయిత జేబులోనే ఉందని ఎలా అంటాం?

మిగతా పాటల్లో 'ట్రూ బిలీవర్' నాకు బాగా పట్టింది. కారణం అందులో అతను అంత మంచివాడిగా కనిపించడు. నీ స్నేహితురాళ్ళంతా నేనే నీ గుండె పగలగొట్టానంటున్నారని మూతి ముడుచుకుంటాడు, ఆ మాట తనకి నచ్చలేదని బూతుతో సహా చెప్తాడు. నిజాయితీ అని ఏదైనా ఉంటే ఇలాంటి చిన్నబుద్ధిని దాచకపోవడంలో ఉంది. 'డోంట్ బీ టఫ్' హోటల్లో సర్వర్ మీద విసుక్కోకు, అతని రోజు నీ రోజుకంటే కష్టంగా గడిచింది లాంటి సలహాల చిట్టా. వినడానికి హాయిగా ఉంటుంది, అంతే. 'క్రిమ్సన్ అండ్ క్లే' సొంత ఊరి ఎర్రమట్టి మీద ప్రేమా, అక్కడి ద్వేషాల మీద భయమూ కలిపి చెప్పేది. విడాకుల గోలలో దీన్ని ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు.

తేలిపోయినవి కొత్త ప్రేమ పాటలు. టైటిల్ పాటే తీసుకోండి. నా ప్రియురాలిలో నాకు అది ఇష్టం, ఇది ఇష్టం అని వరసపెట్టి చెప్పుకుపోతాడు. గిటారు వాయింపు అద్భుతం, కాదనను. కానీ ఆమె ఎవరో మనకి కనపడదు. 'సౌత్ఈస్టర్న్'లో బందిపోటుకి, బడిపిల్లాడికి కూడా ఒక ఇల్లు, ఒక చరిత్ర, ఒక వస్తువు ఇచ్చిన రచయిత, కళ్ళ ముందున్న మనిషికి పొగడ్తలు తప్ప ఏమీ ఇవ్వలేకపోయాడు. ఆత్మపరిశీలన పేరు మీద వచ్చే ఆల్బముల ప్రమాదం ఇక్కడుంది. పరిశీలన అంతా ఆత్మ మీదే పడితే పక్కమనిషి మసకబారిపోతుంది. ఒక్క గిటారు, ఒక్క గొంతు అన్న పద్ధతి ఆ మసకని ఇంకా పెంచుతుంది కూడా. పాత పాటల్లో షైర్స్ ఫిడేలు ఉండేది, గొంతు ఉండేది. మాటల్లో ఆమెకి చోటు లేకపోయినా శబ్దంలో ఉండేది. ఇప్పుడు గదిలో ఎదురు పలికే మరో గొంతే లేదు.

దీనికి ఇంకో దారి ఉందని, అదీ ఇజ్బెల్ పుట్టిన నేల మీదే ఉందని గుర్తొచ్చినప్పుడల్లా నాకు కొంచెం బాధగా ఉంటుంది. కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ 1974లో వచ్చిన 'ఫేజెస్ అండ్ స్టేజెస్' రికార్డు చేసింది మజిల్ షోల్స్‌లోనే, ప్రొడ్యూసర్ జెర్రీ వెక్స్‌లర్. మొత్తం ఆల్బమ్ ఒక జంట విడిపోవడం మీద. ఎల్పీ రికార్డు మొదటి వైపు భార్య కథ: అంట్లు తోముతూ తోముతూ విసిగిపోయి, ఒక పొద్దున ఇల్లు వదిలి పుట్టింటికి వెళ్ళిపోతుంది, మళ్ళీ డాన్సు చేయడం మొదలుపెడుతుంది. రికార్డు తిప్పితే భర్త కథ. ముందు ఆమెది, తర్వాత అతనిది. నెల్సన్ అప్పటికే రెండుసార్లు విడాకులు తీసుకున్నవాడు. తన గోడు తను వెళ్ళబోసుకుని ఊరుకోవచ్చు. సగం రికార్డు అవతలి మనిషికి ఇచ్చాడు.

ఇంకో సంగతి. భర్త వైపు 'ఐ స్టిల్ కాంట్ బిలీవ్ యు ఆర్ గాన్' అని ఒక పాట ఉంది. వింటే వదిలేసి వెళ్ళిన పెళ్ళాం గురించి ఏడుస్తున్నాడని నూటికి నూరుపాళ్ళూ నమ్ముతాం. అది నెల్సన్ తన డ్రమ్మర్, ప్రాణమిత్రుడు పాల్ ఇంగ్లిష్ భార్య చనిపోయినప్పుడు రాసిన పాట. స్నేహితుడి దుఃఖాన్ని తెచ్చి కల్పిత భర్త నోట పెట్టాడు. ఆ పాట విడాకుల గురించి అబద్ధం చెప్తోందా? నాకైతే అంత నిజమైన పాట ఆ ఆల్బమ్‌లో ఇంకోటి లేదు.

ఇజ్బెల్ అవతలి వైపు రాయలేదు. ఆ వైపు ఆమే రాసుకుంది. అమాండా షైర్స్ ఆల్బమ్ 'నోబడీస్ గర్ల్' 2025 సెప్టెంబరులో వచ్చింది. 'ది డీటెయిల్స్' అన్న పాటలో, వివరాలు చెరిపేసి కథ తనకి అనువుగా రాసుకున్నాడని, పెళ్ళిని సొమ్ము చేసుకున్నాడని నిష్ఠూరం ఉంది. దీన్ని కూడా సాక్ష్యంలాగా విని తీర్పు చెప్పడానికి జనం పరిగెత్తారు. ఎవరిది తప్పు, ఎవరు ముందు వదిలేశారు, ఇదే గోల. ఆ ఇద్దరికీ ఒక చిన్న కూతురుంది, ఈ తీర్పులు ఏదో ఒక రోజు ఆ పిల్ల కంటపడతాయి. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఆమె పాటని కూడా నేను పాటగానే వింటాను. నిష్ఠూరంలో పదును ఉందా, మాట తెగుతోందా అని చూస్తాను. తెగుతోంది. కొన్నిచోట్ల ఇజ్బెల్‌కంటే బాగా తెగుతోంది, ఎందుకంటే ఆమె పియానో, తీగవాయిద్యాలు అన్నీ పెట్టుకుంది, అవి ఉన్నందుకు పాటలో నిజం ఒక్క చుక్క కూడా తగ్గలేదు.

మా తమ్ముడికి మొన్న ఇదే చెప్పాను. 'గ్రావెల్‌వీడ్' విను, వెంటనే 'ది డీటెయిల్స్' విను, రెంటినీ పక్కపక్కన పెట్టి ఒకే రికార్డుకి రెండు వైపులనుకో అన్నాను. నెల్సన్ ఒక్కడే చేసింది వీళ్ళిద్దరూ తెలియకుండా, ఇష్టం లేకుండా కలిసి చేశారు. "మరి వాంపైర్స్ సంగతేంటన్నా?" అన్నాడు. ఆ పాట ఇంక వాళ్ళిద్దరిది కాదురా, మీ ఇద్దరిది, మీ ఆవిడకి నచ్చినంత కాలం పెట్టుకో అన్నాను. ఇజ్బెల్ కొత్త ఆల్బమ్ చివరి పాట 'విండ్ బిహైండ్ ద రెయిన్' కూడా ప్రేమ పాటే, మళ్ళీ నీ వెంటే ఉంటానన్న మాటే. బాణీలు ద్రోహం చేస్తాయని నాలుగో పాటలో ఒప్పుకున్నవాడు పదకొండో పాటలో మళ్ళీ అదే పనికి దిగాడు. దాన్ని నమ్మమని వాడికి చెప్పలేదు. వినమన్నాను.